జపాన్‌లో ఏ పూట ఎక్కడ తినాలి?

జపాన్ ప్రయాణం ఖాయమైన బంధువులు, స్నేహితులు టికెట్లు కొన్న మర్నాడే నాకు ఫోను చేస్తారు. “తిండికి ఏ హోటల్ మంచిది?” అని అడుగుతారు. నాలుగు పేర్లు చెప్పి పంపడం తేలికే. కానీ టోక్యోలో రెండేళ్లు కాపురముండి, ఆ తర్వాత మూడుసార్లు వెళ్లొచ్చిన నేను పేర్లు చెప్పడం మానేశాను. అక్కడ తిండి దొరికే ప్రతి చోటుకూ ఒక వేళ ఉంది. ఆ వేళకు వెళితే తక్కువ ధరకు మంచి భోజనం దొరుకుతుంది. రెండు గంటలు ఆలస్యమైతే అదే చోట తలుపు వేసి ఉంటుంది, లేదా అదే పళ్లానికి రెండింతలు కట్టాల్సి వస్తుంది. అందుకే నా సలహా పూటల వారీగా ఉంటుంది.

ఉదయం: మూడు దారులు

మొదటిది కొన్బినీ. రోజంతా తెరిచి ఉండే చిన్న దుకాణాలను అక్కడ అలా పిలుస్తారు. సెవెన్ ఎలెవెన్ సంస్థ జపాన్‌లో తన తొలి దుకాణం 1974లో టోక్యోలోని తొయోసులో తెరిచింది. ఇప్పుడు అన్ని సంస్థలవీ కలిపి దేశంలో 50,000 దాటాయి. పర్యాటకులు వీటిని ఆకాశానికెత్తుతారు. నేను అంత ఎత్తుకు పోను. ఓనిగిరి అనే అన్నపు ముద్ద మాత్రం నిజంగా తెలివైన వస్తువు. అన్నానికీ, దాని చుట్టూ ఉండే నోరి అనే సముద్రపు నాచు రేకుకూ మధ్య పల్చని ప్లాస్టిక్ పొర ఉంటుంది. కాగితం మీద 1, 2, 3 అని అంకెలు వేసి ఉంటాయి. ఆ వరుసలో లాగితే పొర జారిపోయి, కరకరలాడే నాచు అన్నానికి అంటుకుంటుంది. వరుస తప్పితే నాచు ఒక చేతిలో, అన్నం ఒక చేతిలో మిగులుతాయి. నా మొదటి వారమంతా అలాగే గడిచింది. ధర 150 నుంచి 200 యెన్ల చుట్టూ ఉంటుంది. ఇంకో చిన్న సంగతి: 2019 అక్టోబరు నుంచి వినియోగ పన్ను 10 శాతం, తిండి పట్టుకెళితే మాత్రం 8 శాతం. దుకాణంలోనే కూర్చుని తినేట్లయితే ఆ మాట కొనేటప్పుడే చెప్పాలి.

తెల్లవారుజామున రైలు ఎక్కే రోజుకు కొన్బినీ కన్నా మంచిది లేదు. ఆ అవసరం లేని రోజున ఫ్రిజ్‌ అవసరం లేని చల్లారిన అన్నంతో పొద్దు మొదలుపెట్టడం నాకు ఇష్టం ఉండదు.

రెండోది కిస్సాతెన్, అంటే పాతకాలపు కాఫీ కొట్టు. మెత్తని సోఫాలు, నిదానంగా కాఫీ వడగట్టే యజమాని. నగోయా, దాని పక్కనే ఉన్న ఇచినోమియా ఊళ్లలో ఉదయం కాఫీ అడిగితే ఆ కాఫీ డబ్బులకే టోస్టు, ఉడకబెట్టిన గుడ్డు కూడా తెచ్చి పెడతారు. దీన్ని ‘మార్నింగ్’ అంటారు. ఇచినోమియా నేత మిల్లుల ఊరు. మగ్గాల చప్పుడులో మాట వినపడక, వ్యాపారులు బేరసారాలకు కాఫీ కొట్టుకు చేరేవారట. ఆ రోజుల్లోనే ఈ అలవాటు పుట్టిందని అక్కడివాళ్లు చెబుతారు. వెన్న రాసిన టోస్టు మీద ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద పెట్టే ఓగురా టోస్టు నగోయా ప్రత్యేకం. వినడానికి వింతగా ఉంటుంది, రెండో ముక్కకు అలవాటవుతుంది. చాలా చోట్ల 11 గంటలకల్లా మార్నింగ్ అయిపోతుంది. ఆ తర్వాత వెళితే వట్టి కాఫీయే.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: స్టేషన్లలో నిలబడి తినే సోబా కొట్టు. బక్‌వీట్ పిండితో చేసిన నూడుల్స్‌ను వేడి రసంలో వేసి ఇస్తారు. బక్‌వీట్ పడని వాళ్లు వీటి జోలికే పోకూడదు; ఆ ఎలర్జీ ప్రమాదకరం కాబట్టే జపాన్‌లో ప్యాకెట్ తిండి మీద దాని పేరు తప్పనిసరిగా అచ్చు వేస్తారు. గుమ్మం దగ్గర టికెట్ యంత్రం ఉంటుంది. డబ్బు వేసి, మీట నొక్కి, వచ్చిన చీటీ బల్ల మీద పెడితే రెండు నిమిషాల్లో గిన్నె మీ ముందు ఉంటుంది. ఏది నొక్కాలో తోచకపోతే పైవరసలో ఎడమ చివరి మీట నొక్కండి. కొట్టుకు పేరు తెచ్చిన వంటకాన్ని అక్కడే పెడతారని జపాన్‌వాళ్లలో ఒక లెక్క ఉంది. 400 నుంచి 600 యెన్లు. మీ పక్కన ఆఫీసుకు పరుగెడుతున్నవాళ్లు జుర్రుమని శబ్దం చేస్తూ తింటారు. మీరూ అలాగే తినవచ్చు, ఎవరూ తిరిగి చూడరు.

ఈ గిన్నెలో అసలు పని చేసేది రసం. దాని పేరు దషి. కొంబు అనే మందపాటి సముద్రపు నాచునూ, కత్సువోబుషినీ నీళ్లలో వేసి సారం తీస్తారు. కత్సువోబుషి అంటే ఉడికించి, పొగబెట్టి, చెక్కలా గట్టిపడేదాకా ఎండబెట్టిన బొనిటో చేప. దాన్ని పల్చని రేకులుగా తురిమి వాడతారు. కొంబులోని రుచికి గ్లుటమేట్ కారణమని 1908లో టోక్యో విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త ఇకెదా కికునయె కనిపెట్టి, ఆ రుచికి ‘ఉమామి’ అని పేరు పెట్టాడు. 1913లో ఆయన శిష్యుడు కొదామా షింతారో చేప తురుములో ఇనోసినేట్‌ను గుర్తించాడు. ఈ రెండూ కలిస్తే రుచి మామూలు కూడిక కన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే నాలుగు నూడుల్స్, గుప్పెడు ఉల్లికాడలు తప్ప ఏమీ లేని గిన్నె కూడా అంత తృప్తినిస్తుంది.

అందుకే అది శాకాహారులకు వల కూడా. మా అత్తగారు వచ్చినప్పుడు ఆవిడను ఇలాంటి కొట్టుకే తీసుకెళ్లాను. ముక్క లేదు, గుడ్డు లేదు, ఇంతకన్నా నిక్షేపమైన తిండి ఉండదనుకున్నాను. ఆవిడ రసమంతా తాగి, “దీంట్లో ఏం వేస్తారో కనుక్కో” అన్నారు. సోయా సాస్ అని చెప్పాను. చేప సంగతి నాకు తెలిసింది ఆవిడ వెళ్లిపోయిన నెలకు. ఇప్పటికీ చెప్పలేదు.

టోక్యోలో తిన్న రసం ఒసాకాలో కనిపించదు. టోక్యోవైపు నల్లని సోయా సాస్, చేప ఘాటు ఎక్కువ. ఒసాకావైపు లేత రంగు సోయా, కొంబు రుచి ముందుకు వస్తుంది, గిన్నె అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. నిస్సిన్ సంస్థ 1976లో తెచ్చిన దోన్‌బెయి అనే కప్పు నూడుల్స్‌ను నేటికీ తూర్పుకొక రుచి, పడమరకొక రుచి చేసి అమ్ముతున్నారంటే ఈ తేడా ఎంత గట్టిదో చూడండి. నన్ను ఎంచుకోమంటే టోక్యోలో సోబా, ఒసాకాలో లావుపాటి గోధుమ ఉడోన్.

మధ్యాహ్నం: డబ్బు ఖర్చు పెట్టాల్సిన పూట

విహారయాత్రకు వెళ్లినవాళ్లు పగలు ఏదో కాస్త తిని, రాత్రికి పెద్ద భోజనం పెట్టుకుంటారు. జపాన్‌లో దీన్ని తలకిందులు చేయండి. పేరున్న తెంపురా (పిండిలో ముంచి వేయించినవి), సుషి (పులుపు అన్నం మీద చేప), కైసెకి (ఒక్కో వంటకమే వరుసగా వడ్డించే సంప్రదాయ విందు) వంటశాలల్లో చాలావాటికి మధ్యాహ్నం విడిగా ఒక వంటకాల పట్టీ ఉంటుంది. అదే వంటవాడు, అదే బల్ల, నాలుగు రకాలు తక్కువ, ధర మాత్రం రాత్రి ధరలో సగమో మూడో వంతో. జీవితంలో ఒక్కసారి కైసెకి తినాలనుకునేవాళ్లు రాత్రి పూట 20,000 యెన్లు పోసే ముందు అదే చోట మధ్యాహ్నం ఏముందో కనుక్కోండి. నేను అలా తిన్న రెండు భోజనాలలోనూ లోటు కనిపించలేదు.

రోజువారీ తిండికి మాత్రం తెయిషోకు కొట్టు. ఒక పళ్లెంలో అన్నం, మిసో సూప్, ఊరగాయ, కాల్చిన చేప లాంటి ప్రధాన వంటకం, పక్కన చిన్న కూర ఒకటో రెండో. ‘హిగవారి’ అని రాసి ఉంటే అది ఆ రోజుకు మాత్రమే చేసినది. వెయ్యి యెన్ల చుట్టుపక్కలకు వస్తుంది, 1 గంటకే అయిపోవడమూ ఉంది. యునెస్కో 2013లో జపాన్ సంప్రదాయ ఆహారాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు అందరూ అద్దాల మేడల్లో వడ్డించే పళ్లాలను తలచుకున్నారు. నాకు మాత్రం ఆ సంప్రదాయం ఈ కొట్లలోనే సజీవంగా కనిపిస్తుంది.

భాష రాకపోవడం ఇక్కడ అడ్డు కాదు. చాలా కొట్ల ముందు అద్దాల బీరువాలో వంటకాల నమూనాలు నిలబెట్టి ఉంటాయి. వీటి తయారీని 1932లో వ్యాపారంగా మొదలుపెట్టిన ఇవసాకి తకిజోది గిఫు ప్రాంతంలోని గుజో హచిమన్. అప్పట్లో మైనంతో చేసేవారు, ఇప్పుడు ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. వడ్డించే మనిషిని బయటికి పిలిచి కావలసినది వేలితో చూపించినా తప్పు లేదు.

ఇక్కడే వేళ సంగతి గట్టిగా చెప్పాలి. 2 గంటలు కొట్టేసరికి ఈ కొట్లలో చాలావాటి ముందు ‘జున్‌బిచూ’ అనే పలక వేలాడుతుంది. రాత్రి వంటకు సిద్ధమవుతున్నామని దాని అర్థం. 5 గంటల దాకా పొయ్యి వెలగదు. గుళ్లు, మ్యూజియంలు తిరిగి 3 గంటలకు ఆకలేసినవాడు వీధంతా తిరిగినా పలకలే కనిపిస్తాయి.

ఆ మూడు గంటల ఎడారికి కైతెన్ సుషి ఉంది. బెల్టు మీద పళ్లాలు తిరిగే పద్ధతిని ఒసాకాలో షిరయిషి యొషియాకి 1958లో మొదలుపెట్టాడు. బీరు కర్మాగారంలో సీసాలు బెల్టు మీద కదలడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. పెద్ద సంస్థల కొట్లు మధ్యలో మూయరు. 2023లో ఒక కుర్రాడు బల్ల మీది సోయా సీసాను నాకిన వీడియో దేశమంతా గగ్గోలు పుట్టించాక చాలాచోట్ల పళ్లాలను ఊరికే తిప్పడం మానేశారు. తెర మీద నొక్కితే మీ పళ్లెం మీ దగ్గరికే వస్తుంది. వసాబి ఘాటు పడనివాళ్లు ‘సబి నుకి’ అనాలి. సెలవు రోజు రాత్రి 7 గంటలకు గంట నిలబడాల్సిన చోట 3 గంటలకు నేరుగా వెళ్లి కూర్చోవచ్చు. చేతిలో తయారయ్యే సుషికీ దీనికీ పోలిక పెట్టడం అన్యాయం. పిల్లలున్న ఇంటికి మాత్రం నేను దీన్నే చెబుతాను.

రైలులో: ఎకిబెన్ కొనాలా?

స్టేషన్లలో అమ్మే భోజనపు డబ్బాను ఎకిబెన్ అంటారు. చల్లగానే తినాలి, అన్నం, మసాలా, ఉప్పు అన్నీ చల్లారాక రుచిగా ఉండేలా లెక్క వేసి వండుతారు. తొయామా ఊరి మసు నో సుషి గుండ్రని చెక్క డబ్బాలో వెదురు ఆకులు చుట్టుకుని వస్తుంది. ఆకులు విప్పితే పులుపు కలిపిన అన్నం మీద ట్రౌట్ చేప పరిచి ఉంటుంది, కేకులా కోసుకుని తినాలి. యొకొకవా స్టేషన్ దగ్గర 1958 నుంచి అమ్ముతున్న తోగె నో కమమెషి మషికో ఊరి మట్టికుండలో వస్తుంది. కోడిమాంసం, పుట్టగొడుగు, వెదురు మొలక, చెస్ట్‌నట్, పిట్ట గుడ్డు. తిన్నాక కుండ మీదే. బరువని తెలిసి కూడా నేను రెండు మోసుకొచ్చాను.

టోక్యో నుంచి ఒసాకాకు బుల్లెట్ రైలులో వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: బోగీల్లో బండి తోసుకుంటూ అమ్మే పద్ధతిని ఆ మార్గంలో 2023 అక్టోబరుతో ఆపేశారు. తిండి ఎక్కకముందే కొనాలి. ధర 1,000 నుంచి 1,500 యెన్లు. అంతే డబ్బుకు స్టేషన్ పక్కన ఉన్న పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగలో ఇంతకన్నా తాజా భోజనం దొరుకుతుందని నా అనుభవం. దూరప్రయాణానికి, ఆ ఊరిదే అయిన ఎకిబెన్ దొరికితే కొనండి. లేకపోతే నేలమాళిగకు దిగండి. అయితే ఈ డబ్బాలు విప్పాల్సింది దూరపు రైళ్లలోనే. కిక్కిరిసిన ఊరి రైళ్లలో ఎవరూ తినరు.

రాత్రి: ఇజకాయా, నేలమాళిగ

ఇజకాయా అంటే తాగుతూ చిన్న చిన్న పళ్లాలు తెప్పించుకునే చోటు. కూర్చోగానే మీరు అడగని చిన్న గిన్నె ఒకటి ముందు పెడతారు, బిల్లులో తలకు 300 నుంచి 500 యెన్లు కలుపుతారు. దాని పేరు ఓతోషి. దీన్ని మోసమనుకుని పోట్లాడేవాళ్లను చూశాను. అది కూర్చున్నందుకు కట్టే రుసుము, అక్కడివాళ్లూ కడతారు. అక్కడ టిప్పు ఇచ్చే పద్ధతి లేదు కాబట్టి రెంటికీ చెల్లు. మద్యం ముట్టనివాళ్లు ఊలాంగ్ టీ అడిగితే చాలు. తలకు 3,000 నుంచి 5,000 యెన్లు అవుతుంది. ముగ్గురు నలుగురు కలిసి 5, 6 గంటలకే వెళ్లాలి. శుక్రవారం రాత్రి 8 గంటలకు చోటు దొరకదు. 2020 ఏప్రిల్ చట్టం తర్వాత లోపల పొగ తాగడం చాలావరకు ఆగినా, చిన్న పాత కొట్లకు మినహాయింపు ఉంది. గుమ్మం మీది బోర్డు చూసి లోపలికి వెళ్లండి.

ఒంటరిగా ఉన్నా, కాళ్లు పీకేస్తున్నా నేలమాళిగే మేలు. దీన్ని దెపాచికా అంటారు. టోక్యో షింజుకులో ఇసెతన్, ఒసాకాలో హన్‌క్యూ ఉమెదా లాంటివి. వేపుళ్లు, సలాడ్లు, భోజనపు డబ్బాలు, తీపి పదార్థాలు ఊరేగింపులా వరుస కట్టి ఉంటాయి. మూసే వేళకు గంట ముందు నుంచి ధర తగ్గించిన చీటీలు పడతాయి. ‘హన్‌గాకు’ అంటే సగం ధర. కూర్చునే చోటు మాత్రం ఉండదు, బసకు పట్టుకెళ్లాల్సిందే. మొదటి రెండు రాత్రులు ఇజకాయాకు వెళ్లి, మూడో రాత్రి దెపాచికాతో గడిపినవాళ్లు తర్వాత ఎక్కువగా దానికే ఓటేస్తారు.

మాంసం, చేప ముట్టనివాళ్లకు

పైన చెప్పినవాటిలో సగం వీళ్లకు పనికిరావు. ‘నికు నాషి’ అంటే మాంసం వద్దని అర్థం. కానీ చెప్పాక కూడా చేప రసం వస్తుంది, చల్లని టోఫూ మీద చేప తురుము వస్తుంది. అడిగేటప్పుడు “నికు మో సకానా మో తబెమసెన్, కత్సువో దషి మో తబెమసెన్” అని రసం పేరు కూడా కలిపి చెప్పాలి. మామూలు కొట్టువాడు అప్పుడు మర్యాదగా తల వంచి, తన దగ్గర ఏమీ లేదంటాడు. ఆ జవాబే మేలు.

ఊళ్లో భారతీయ హోటళ్లు ఉండనే ఉన్నాయి. షింజుకులోని నకమురయా అనే హోటల్లో 1927 నుంచి అమ్ముతున్న ‘ఇండో కర్రీ’ వెనుక ఉన్నది రాస్‌ బిహారీ బోస్. 1915లో జపాన్ చేరిన ఆ విప్లవకారుడికి నకమురయా యజమానులు ఆశ్రయమిచ్చారు, తర్వాత తమ కూతురినిచ్చి పెళ్లి చేశారు. అది కోడి కూర కాబట్టి శాకాహారులకు కథ మాత్రమే మిగులుతుంది. ఇక దుకాణాల్లో దొరికే జపాన్ కర్రీ ముద్దల్లో తరచుగా జంతువుల కొవ్వు ఉంటుంది.

వీళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఒక రాత్రి కొయసాన్‌లో గడపండి. వకయామా కొండల మీద కూకాయి అనే సన్యాసి 816లో స్థాపించిన, షింగోన్ శాఖకు చెందిన బౌద్ధక్షేత్రం అది. అక్కడ 50కి పైగా ఆలయాలు యాత్రికులకు బస ఇస్తాయి. రెండు పూటలా షోజిన్ భోజనం, అంటే బౌద్ధ సన్యాసుల శాకాహారం. మాంసం, చేప లేవు సరే, వెల్లుల్లి, ఉల్లి కూడా వాడరు. రసం కొంబుతో, ఎండు షిటాకె పుట్టగొడుగులతో తీస్తారు. ఆ పుట్టగొడుగులోని గ్వానిలేట్ కూడా ఉమామి పదార్థమేనని కునినకా అకిరా తేల్చింది 1950ల చివర్లో. గుళ్లలో వంటవాళ్లు ఆ జోడీని శతాబ్దాల నుంచి వాడుతూనే ఉన్నారు. నువ్వుల పాలను కుజు అనే దుంప పిండితో చిక్కబరిచి చేసే గోమా దోఫు నోట్లో వెన్నలా కరుగుతుంది. గడ్డకట్టించి ఎండబెట్టిన టోఫూకు ఈ కొండ పేరే పెట్టారు, కొయా దోఫు. స్పంజిలా రసం పీల్చుకుని ఉంటుంది. తలకు 10,000 యెన్లు దాటుతుంది, బసా తిండీ అందులోనే. కానీ 5:30, 6 గంటలకల్లా పళ్లాలు పరిచేస్తారు. ఒసాకా నుంచి రైలు, కొండ ఎక్కే కేబుల్ కారు, బస్సు మారి చేరాలి కాబట్టి, మధ్యాహ్నం 1 గంటకు బయలుదేరినా కంగారే. ఒకసారి చీకటి పడ్డాక చేరిన నాకు చల్లారిన పళ్లెమూ, సన్యాసి చిరునవ్వూ దక్కాయి.

అక్కడే కాపురం పెట్టేవాళ్లకు

ఏడాదికో రెండేళ్లకో వెళ్లేవాళ్ల లెక్క వేరు. రోజూ బయట తింటే డబ్బు మిగలదు, ఆ దషి ఉప్పుకు ఒంట్లో నీరు చేరుతుంది. అన్నం వండే కుక్కరు మొదటి వారంలోనే కొనుక్కోండి. ఉదయం ఇంట్లో, మధ్యాహ్నం ఆఫీసు దగ్గరి తెయిషోకు, రాత్రి సూపర్ మార్కెట్ అనేది నేను కుదుర్చుకున్న పద్ధతి. మా వీధి చివరి సూపర్ మార్కెట్‌లో రాత్రి 8 గంటల ప్రాంతంలో ధర తగ్గింపు చీటీల చుట్టతో ఒక ఉద్యోగి వచ్చేవాడు. అతను సుషి డబ్బాల వైపు నడవగానే, అప్పటిదాకా ఎండు నాచు ప్యాకెట్లను తీరిగ్గా చదువుతున్నట్లు నటించే ఐదారుగురం ఒక్కో అడుగూ వేసి దగ్గరికి చేరేవాళ్లం. ఎవరూ తోసుకోరు, చీటీ అంటించకముందు ఎవరూ డబ్బా పట్టుకోరు. మంగళవారాలు ఒక పెద్దావిడకూ నాకూ ఒకే డబ్బా మీద కన్ను పడేది. ఎక్కువసార్లు ఆవిడే గెలిచేది.